సముద్రం పక్క ఊళ్ళో బండికి తుప్పు పట్టకుండా చూసుకోవడం ఎలా

వైజాగ్ లో లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, ఎంవీపీ, సాగర్ నగర్ సైడు ఉండేవాళ్ళకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. కొత్త బండి కొన్న కొన్నాళ్ళకే సైలెన్సర్ జాయింటు దగ్గర ఎర్రగా మొదలవుద్ది, తర్వాత సెంటర్ స్టాండు, తర్వాత హ్యాండిల్ బోల్టులు, ఈలోపు అదే మోడలు అదే టైములో హైదరాబాద్ లో కొన్న బావమరిది బండి చూస్తే ఇంకా షోరూం లోంచి ఇప్పుడే దించినట్టు ఉంటది. బండిలో తేడా ఏం లేదండీ, గాలిలో తేడా. కాకినాడ, భీమిలి, మచిలీపట్నం, చీరాల ఎక్కడికెళ్ళినా ఇదే గోల.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. వేలకి వేలు పోసి వేయించే కోటింగుల కంటే వారానికోసారి మంచి నీళ్ళతో అడుగు భాగం కడిగి, ఆరబెట్టుకోవడం ఎక్కువ పని చేసుద్ది. కోటింగ్ వద్దని కాదు, దాని సంగతి కింద రాస్తా, కానీ కడగనోడికి ఏ కోటింగూ ఎక్కువ కాలం ఆగదు.

అసలు తినేసేది వాన కాదు, ఉప్పు

ఇనుము తుప్పు పట్టాలంటే నీళ్ళు, గాలి రెండూ కావాలి. ఇది స్కూల్లో అందరం చదువుకున్నదే. తుప్పు అనేది లోపల్లోపల జరిగే చిన్న సైజు కరెంటు వ్యవహారం, ఉప్పు నీళ్ళలో కరెంటు బాగా పారుద్ది కాబట్టి ఉప్పు తోడైతే స్పీడు పెరిగిపోద్ది. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలికి కొట్టుకొచ్చి బండి మీద పడుద్ది, నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు మాత్రం అక్కడే కూర్చుంటది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఆ ఉప్పు తనంతట తనే తడి పీల్చుకుని నీరవుద్ది, వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది అందుకే. పైగా సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటది, దానికి ఇంకా తక్కువ తేమ చాలు. మన దగ్గర రాత్రుళ్ళు తేమ ఎంతుంటదో చెప్పాలా? అంటే వాన చుక్క పడకపోయినా, షెడ్డు కింద పెట్టినా మీ బండి రోజూ రాత్రి తడుస్తూనే ఉంది. పొద్దున్నే రియర్ వ్యూ అద్దం మీద వేలితో రాసి చూడండి, జిగటగా తగులుద్ది, అదే అది.

దీంట్లో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. వానలో బాగా తడిసే భాగాల కంటే వాన తగలని భాగాలే ముందు పోతాయి. పైన పడ్డ ఉప్పుని వాన కడిగేసుద్ది, మడ్‌గార్డు లోపలి వైపు, ట్యాంకు అడుగు, సీటు కింద, డోరు అంచు మడత, వీటిని ఎవడూ కడగడు. అందుకే బండి పైకి తళతళలాడుతుంటది, కింద వంగి చూస్తే పైన పటారం లోన లొటారం.

కడగడం, ఎలా పడితే అలా కాదు

మొదట నీళ్ళ సంగతి చూసుకోవాలి. బీచ్ కి దగ్గరున్న చాలా అపార్టుమెంట్లలో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి, వాటితో రోజూ బండి కడిగించడం అంటే ఉప్పుని పద్ధతిగా మనమే పూస్తున్నట్టు. కడిగి ఆరాక నల్ల సీటు మీద, అద్దాల మీద తెల్ల తెల్ల మచ్చలు పడుతున్నాయంటే ఆ నీళ్ళు పనికిరావు అని అర్థం. నీళ్ళలో కరిగిన ఉప్పులెంతో చూపించే టీడీఎస్ మీటరు ఆన్‌లైన్ లో చిన్నది దొరుకుద్ది, ఒకసారి కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు పక్కపక్కన పెట్టి చూడండి. మట్టి వదిలించడానికి బోరు నీళ్ళు వాడుకోండి పర్లేదు, ఆఖర్న రెండు బకెట్లు మాత్రం మున్సిపల్ కుళాయి నీళ్ళు లేదా పట్టి పెట్టుకున్న వాన నీళ్ళు పోయండి.

కడిగేటప్పుడు కింద నుంచి మొదలెట్టండి. మన అలవాటు పైన షాంపూ నురగ వేసి మెరిపించడం, కింద రెండు చెంబులు విసిరి వదిలెయ్యడం. తిరగెయ్యాలి. కారైతే నాలుగు చక్రాల పైన ఉండే గుమ్మటం లాంటి భాగం లోపల చెయ్యి పెట్టి తడిమితే అంచు మడతలో మట్టి గట్టిగా పేరుకుని ఉంటది, ఆ మట్టి ఉప్పుని, తడిని పట్టుకుని వారాల తరబడి అక్కడే ఉంచుద్ది. పైపు పెట్టి నానబెట్టి, పాత టూత్ బ్రష్షో, పెయింటు బ్రష్షో పెట్టి తియ్యండి. ప్రెషర్ గన్ ఉంటేనే కడగాలి అనేం లేదు, మామూలు తోట పైపు చాలు, పైగా గన్ ని దగ్గర నుంచి చక్రం బేరింగుల మీద, చైన్ మీద, వైరు కనెక్టర్ల మీద కొడితే గ్రీజు పోయి నీళ్ళు లోపలికెళ్తాయి. సైలెన్సర్ వేడిగా ఉన్నప్పుడు చల్లనీళ్ళు కొట్టకండి. బట్టల సబ్బు పొడి వాడకండి, పెయింటు మీద ఉన్న వ్యాక్స్ మొత్తం లేపేసుద్ది, కార్ షాంపూ ఒక డబ్బా కొంటే నెలల తరబడి వస్తది.

ఇప్పుడు డోరు అడుగు రంధ్రాలు. కారు డోరు తెరిచి, కింద అంచుని వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళండి, మూడు నాలుగు చోట్ల సన్నటి సందులు తగుల్తాయి. అద్దం పక్కనుంచి వాన నీళ్ళు డోరు లోపలికి దిగుతాయి, దిగకుండా ఏ కంపెనీ ఆపలేదు, అందుకే కిందనుంచి పోయేలా ఈ సందులు పెడతారు. అవి మట్టితో, ఆకు తునకలతో, ఒక్కోసారి పాలిష్ కొట్టినోడు వదిలేసిన వ్యాక్స్ తో మూసుకుపోతాయి. చీపురు పుల్ల తీసుకుని మెల్లగా లోపలికి తోసి తిప్పండి. మూసుకుపోయి ఉంటే ముందు నల్లటి బురద ఉండలాగా బయటికొస్తది, దాని వెనకే టీ రంగు నీళ్ళు బొటబొటా కారతాయి. ఆ రంగు తుప్పుది. అంటే ఆ డోరు ఎన్నాళ్ళుగానో నీళ్ళలో కాళ్ళు పెట్టుకు కూర్చుందన్నమాట. ఇనుప తీగతో పొడవకండి, లోపల పెయింటు గీసుకుపోద్ది. ఇలాంటి రంధ్రాలే డోరు కింద రన్నింగ్ బోర్డు పొడుగునా ఉంటాయి, డిక్కీ అంచులో ఉంటాయి, బానెట్ తీస్తే వైపర్ల కింద జాలీ మూలల్లో ఉంటాయి, ఆ మూలల్లో వేపాకు, చింతాకు రాలి పేరుకుంటది. సన్‌రూఫ్ ఉంటే దానికీ నాలుగు మూలలా పైపులుంటాయి. జూన్ లో వానలు మొదలయ్యే ముందు ఒకసారి, దీపావళి అటూ ఇటూ తుఫాన్ల సీజన్లో ఒకసారి ఇవన్నీ పుల్ల పెట్టి చూసుకుంటే సగం తలనొప్పి తగ్గిపోద్ది.

కడిగాక ఆరబెట్టడం కూడా కడగడంలో భాగమే. తుడిచేసి అలాగే కవర్ కప్పేయకండి, ఒక పది నిమిషాలు అలా తిప్పుకుని రండి, బ్రేకులు నాలుగైదు సార్లు నొక్కండి, గాలికి, వేడికి మూలల్లో నీళ్ళు పోతాయి. మర్నాడు పొద్దున కారు బ్రేకు డిస్కు మీద పల్చగా ఎర్ర పొర కనిపిస్తే కంగారు పడకండి, అది పోత ఇనుము, దాని మీద పెయింటు ఉండదు, రెండు బ్రేకులు కొడితే పోద్ది.

ఎన్నిసార్లు కడగాలి అంటే సముద్రానికి దగ్గరుంటే వారానికోసారి, లోపల ఉంటే పదిహేను రోజులకి. సాయంత్రం కురుసుర సబ్‌మెరైన్ దగ్గర బండి పెట్టి బీచ్ లో కూర్చుని వస్తే మునిగిపోయేదేం లేదు, ఇంటికొచ్చాక ఒక బకెట్ మంచినీళ్ళు గుమ్మరిస్తే చాలు. కానీ రీల్స్ కోసం బండిని ఇసకలోకి దింపి అలల్లో నడిపేవాళ్ళు, కాకినాడ ఉప్పాడ బీచ్ రోడ్డు మీద అలలు రోడ్డెక్కేటప్పుడు అందులోంచే దూసుకెళ్ళేవాళ్ళు, అదే రోజు రాత్రి కడగాలి, రేపు పొద్దున్న అనకూడదు. అమెరికా, కెనడాలో ఉన్న మనవాళ్ళకి సముద్రం లేకపోయినా ఇదే లెక్క, స్నో టైములో రోడ్డు మీద చల్లే ఉప్పు అడుక్కి పట్టి కార్లని ఇలాగే తినేసుద్ది.

బైకులు, స్కూటర్లు

సైలెన్సర్ బయటనుంచి పోయేది సగమే, మిగతా సగం లోపల్నుంచి పోద్ది. ఒక లీటరు పెట్రోలు మండితే దగ్గర దగ్గర లీటరు నీళ్ళు ఆవిరి రూపంలో బయటికొస్తాయి. దూరం వెళ్తే వేడికి ఆ ఆవిరి బయటికి పోద్ది, పాల ప్యాకెట్ కని వీధి చివరికి వెళ్ళి ఆపేస్తే చల్లారి సైలెన్సర్ లోపలే నీళ్ళై నిలబడుద్ది. అందుకే వారంలో ఒక్కసారైనా బండిని అరగంట ఆగకుండా నడపాలి. చాలా సైలెన్సర్లకి అడుగున సన్న రంధ్రం ఉంటది, అది ఆ నీళ్ళు పోవడానికే, లీకు అనుకుని ఎంసీల్ పెట్టి మూసేసేవాళ్ళున్నారు, మూయకండి. బయట వైపు ఎర్రబడితే వైరు బ్రష్ తో రుద్ది, వేడి తట్టుకునే సిల్వర్ లేదా మ్యాట్ బ్లాక్ స్ప్రే కొట్టుకోవాలి, మామూలు స్ప్రే కొడితే మొదటి రైడ్ లోనే పొగ లేచి పెచ్చులూడిపోద్ది.

చైన్ విషయానికొస్తే దాదాపు 500 కిలోమీటర్లకోసారి, వానల్లో ఇంకా ముందే, కిరోసిన్ లో ముంచిన బ్రష్ తో మట్టి తీసి తుడిచి 90 నంబర్ గేర్ ఆయిలో, చైన్ స్ప్రేనో వెయ్యాలి. పెట్రోలు వాడకండి, ఓరింగ్ చైన్లలో రబ్బరు చెడిపోద్ది. ఆయిల్ ని చైన్ లోపలి వైపు వెయ్యండి, తిరిగేటప్పుడు బయటికి అదే పాకుద్ది. ఇంజను ఆఫ్ చేసి చక్రాన్ని చేత్తో తిప్పుతూ చెయ్యాలి, గేర్లో వేసి చక్రం తిరుగుతుంటే గుడ్డ పెట్టి తుడిచేవాళ్ళని మెకానిక్ షెడ్లలో ఇప్పటికీ చూస్తుంటాం, గుడ్డతో పాటు వేలు కూడా స్ప్రాకెట్ లోకి వెళ్తది.

ఫ్రంట్ ఫోర్కు రాడ్లు వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడిచి, అరచేతికి రెండు చుక్కలు ఆయిల్ రాసుకుని దాని మీద పల్చగా పట్టించండి. ఇది ఎవరూ చెయ్యరు. ఆ క్రోమ్ మీద గుండుసూది మొనంత తుప్పు చుక్క పడ్డా చాలు, పైకీ కిందకీ ఆడేటప్పుడు ఆయిల్ సీల్ ని గీకి చింపేసుద్ది, ఆయిల్ కారి బ్రేకు డిస్కు మీద పడితే అదింకో ప్రమాదం.

పెట్రోల్ ట్యాంకు మూత తెరిచి చూడండి, మూత చుట్టూ చిన్న గాడి, అందులో ఒక సన్న రంధ్రం ఉంటది, దాన్నుంచి గొట్టం ఒకటి కిందకి దిగుద్ది. వాన నీళ్ళు ఆ గాడిలో పడి గొట్టంలోంచి పోవాలి. దుమ్ము పట్టి మూసుకుపోతే మూత తీసిన ప్రతిసారీ ఆ నీళ్ళు నేరుగా ట్యాంకులోకే. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20 పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటది, ఇథనాల్ కి తడి పీల్చే గుణం ఉంది, ఎక్కువైతే నీళ్ళు, ఇథనాల్ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి, ట్యాంకు అడుగే ముందు చిల్లు పడేది అందుకే. ఊరెళ్తూ బండిని నెల రోజులు వదిలెయ్యాలంటే ట్యాంకు ఫుల్ చేసి వెళ్ళండి, ఖాళీ జాగా లేకపోతే లోపల తడి గాలి ఉండదు.

స్కూటరు వాళ్ళు కాళ్ళు పెట్టుకునే చోట రబ్బరు మ్యాట్ ఒకసారి ఎత్తి చూడండి, రేకు బాడీ అయితే కింద ఏముందో చూశాక మీకే తెలుస్తది. ఫైబర్ బాడీ అయితే లోపల ఛాసిస్ పైపు కనపడదు, అందుకని సర్వీసింగ్ లో సైడు ప్యానెళ్ళు తీసినప్పుడు మీరు దగ్గరుండి చూడండి, వెల్డింగ్ అతుకుల దగ్గర ఎరుపు ఉంటే అప్పుడే పూత వేయించుకోండి.

బ్యాటరీ టెర్మినల్ దగ్గర తెల్లగా, నీలంగా పొడి పేరుకుంటే ముందు నెగటివ్ వైరు విప్పి, తర్వాత పాజిటివ్ విప్పి, వంట సోడా కలిపిన నీళ్ళలో ముంచిన బ్రష్ తో రుద్ది తుడిచి, బిగించాక పైన వాజిలిన్ పూయండి. ఇంజను కేసింగు మీద, అల్లాయ్ వీల్స్ మీద తెల్ల పొడి వస్తే అది అల్యూమినియం తుప్పు, ఎర్రగా ఉండదు కాబట్టి దుమ్మనుకుంటాం. పాత బోల్టులు పీకి స్టెయిన్‌లెస్ బోల్టులు పెట్టించుకునేవాళ్ళు వాటి మరలకి కొంచెం గ్రీజు రాసి పెట్టండి, లేకపోతే స్టీలు, అల్యూమినియం రెండూ ఉప్పు తడిలో కలిసి ఉంటే అల్యూమినియమే అరిగి బోల్టు ఇరుక్కుపోద్ది.

కారుకి అండర్ బాడీ కోటింగ్ వేయించాలా

కొత్త కారు డెలివరీ రోజున సేల్స్ అబ్బాయి బిల్లులో ముందే వేసేసి "సార్ ఇది కంపల్సరీ" అంటాడు. కంపల్సరీ కాదు. ఈ రోజుల్లో బాడీ మొత్తాన్ని ఫ్యాక్టరీలో ప్రైమర్ తొట్టిలో కరెంటు పెట్టి ముంచి తీస్తారు, అడుగున అతుకులకి సీలెంట్ కూడా వేస్తారు. హైదరాబాద్ లోనో, కర్నూల్లోనో ఉంటే నేనైతే వేయించను. సముద్రం పక్కన ఉంటే వేయించుకోవచ్చు, కానీ ఎలా వేస్తున్నారో చూసి.

రెండు రకాలుంటాయి. ఒకటి నల్లగా దళసరిగా రబ్బరు లేదా తారు రకం, రాళ్ళ దెబ్బలకి బాగా ఆగుద్ది కానీ ఏళ్ళు గడిచాక గట్టిపడి పగుళ్ళిస్తది, ఆ పగుల్లోంచి తడి లోపలికి దూరి బయటికి రాకుండా అక్కడే ఉండిపోద్ది, పైన నల్లగా బాగానే కనిపిస్తది, కింద రేకు మాయం. రెండోది వ్యాక్స్, ఆయిల్ రకం, మెత్తగా జిగటగా ఉంటది, సందుల్లోకి పాకుద్ది, కానీ కొట్టుకుపోద్ది కాబట్టి ఏడాదికోసారి మళ్ళీ వేయించాలి. ఎక్కడో కొంచెం తుప్పు మొదలైన పాత కారుకి ఈ రెండో రకమే నయం. కొత్త కారైతే మొదటి కొన్ని నెలల్లోనే, అడుగు ఇంకా శుభ్రంగా ఉన్నప్పుడే ఏదో ఒకటి వేయించెయ్యాలి.

షాపు వాణ్ణి అడగాల్సినవి అడగండి. చక్రాలు విప్పుతావా, చక్రం పైన ప్లాస్టిక్ లైనర్లు తీస్తావా, కడిగాక ఎంత సేపు ఆరబెడతావు, సైలెన్సరు, బ్రేకులు, రబ్బరు బుష్షులు, వైరు కనెక్టర్లు, నీళ్ళు పోయే రంధ్రాలు ఇవన్నీ టేపు వేసి మూస్తావా. "గంటలో ఇచ్చేస్తా సార్" అన్నాడంటే తడి మీదా, మట్టి మీదా కొట్టేస్తాడని, ఆ డబ్బులు మీ దగ్గరే ఉంచుకోండి. రన్నింగ్ బోర్డు లోపల, డోర్ల లోపల సన్న గొట్టంతో వ్యాక్స్ కొట్టడం తెలిసినోడు దొరికితే మాత్రం వదలకండి, బయట కోటింగ్ కంటే అదే విలువైన పని, ఎందుకంటే కార్లు చాలావరకు లోపల్నుంచే పోతాయి. సిరామిక్ కోటింగ్, పీపీఎఫ్ (పెయింటు మీద అంటించే పారదర్శక ఫిల్మ్) ఇవన్నీ పెయింటు మెరుపు కోసం, అడుగుకి వాటితో సంబంధం లేదు.

వాటర్ వాష్ దగ్గర కడిగాక కింద డీజిలో, వాడేసిన ఇంజనాయిలో స్ప్రే కొట్టడం మన దగ్గర పాత అలవాటు. కొన్నాళ్ళు తడిని ఆపుద్ది నిజమే, కానీ దుమ్మంతా దానికే అంటుకుంటది, రబ్బరు బుష్షులు ఉబ్బిపోతాయి, కాలిన ఆయిల్లో యాసిడ్ లుంటాయి, బ్రేకు మీద పడిందంటే ఇక చెప్పక్కర్లేదు. వద్దని గట్టిగా చెప్పండి.

ఇంకా, సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే "ఎలక్ట్రానిక్ యాంటీ రస్ట్" డబ్బాలు అమ్ముతుంటారు. ఓడలకి జింకు దిమ్మలు బిగిస్తారు, భూమిలో పైపులైన్లకి కరెంటు ఇస్తారు, అవి పని చేస్తాయి, ఎందుకంటే ఓడ మొత్తం నీళ్ళలో ఉంటది, పైపు తడి మట్టిలో ఉంటది, కరెంటు తిరిగి రావడానికి దారి ఉంటది. గాలిలో నిలబడ్డ కారుకి ఆ దారే లేదు. కొనకండి.

లోపలి విషయం ఒకటి. వానాకాలం తడి కాళ్ళతో ఎక్కి దిగితే కార్పెట్ కింద స్పాంజి నీళ్ళు పీల్చుకుని నెలల పాటు ఆరదు, ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయినా అంతే, ముక్కిన వాసన వస్తే అనుమానించాలి. మ్యాట్ ఎత్తి న్యూస్ పేపర్ పరిచి తొక్కండి, పేపరు తడిస్తే ఎండలో తలుపులు తీసి ఆరబెట్టాలి. కవరు పాలిథిన్ ది వద్దు, గాలి ఆడే బట్ట కవరు తీసుకోండి, దాన్ని కూడా అప్పుడప్పుడూ ఉతకండి, కవరుకే ఉప్పు పడుతుంటది కదా. మట్టి నేల మీద, గడ్డిలో కారు పెట్టడం తగ్గించండి.

ఆల్రెడీ మొదలైపోతే

ముందు ఎంత లోతుకెళ్ళిందో చూసుకోవాలి. పెయింటు ఉబ్బిన చోట స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి, గట్టి శబ్దం వస్తే రేకు ఉన్నట్టు, మెత్తగా లోపలికి పోయినట్టు ఉంటే చిల్లే. చిల్లు పడితే ఇంట్లో చేసేదేం లేదు, టింకరింగ్ షాపులో పాడైన రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాలి. చిల్లు మీద లప్పం పెట్టి పెయింటు కొట్టి ఇస్తే తీసుకోకండి, లప్పం తడి పీలుస్తది, వెనక వైపు తుప్పు అలాగే ఉంటది, వచ్చే వానాకాలానికి మళ్ళీ ఉబ్బుద్ది. ఛాసిస్, సస్పెన్షన్ బిగించే చోట, బైకు స్వింగ్ ఆర్మ్ లాంటి బరువు మోసే భాగాల్లో పెచ్చులు లేస్తుంటే పెయింటుతో కవర్ చెయ్యకుండా తెలిసిన మెకానిక్ కి చూపించండి.

పైపై తుప్పైతే మీరే చేసుకోవచ్చు. వాన లేని రోజు చూసుకోండి, పొద్దున్నే మొదలెట్టండి. వైరు బ్రష్ తో పెచ్చులన్నీ రాల్చి, 80 నంబర్ ఎమరీ పేపర్ తో ఎరుపు పోయేదాకా, తర్వాత 180, 320 తో అంచులు నునుపుగా అయ్యేదాకా రుద్దండి. ముక్కుకి మాస్కు, కళ్ళకి అద్దాలు పెట్టుకోండి. రుద్దే చోటు ఉబ్బు కంటే చుట్టూ వేలెడు ఎక్కువ ఉండాలి, పెయింటు కింద తుప్పు కనపడే దానికంటే ఎక్కువ దూరం పాకి ఉంటది. మంచినీళ్ళతో కడగండి, ఉప్పు మిగిలితే పైన ఎన్ని పూతలేసినా లాభం లేదు. ఆరాక థిన్నర్ గుడ్డతో తుడవండి. గుంటల్లో ఇంకా గోధుమ రంగు మిగిలితే రస్ట్ కన్వర్టర్ పల్చగా పూయండి, అందులో ఉండే ట్యానిక్ యాసిడో, ఫాస్ఫారిక్ యాసిడో తుప్పుతో కలిసి నల్లటి గట్టి పొరగా మారుద్ది. మెరుస్తున్న వట్టి ఇనుము మీద అది వేసి ఉపయోగం లేదు, దానికి తుప్పు కావాలి. డబ్బా మీద రాసినంత సేపు ఆగి ప్రైమర్ వెయ్యండి, ఎపాక్సీ దొరికితే ఎపాక్సీ, లేకపోతే జింక్ ఫాస్ఫేట్, అదీ లేకపోతే రెడ్ ఆక్సైడ్, దళసరిగా ఒకటి కాకుండా పల్చగా రెండు కోట్లు. వట్టి ఇనుముని రాత్రంతా అలా వదిలేస్తే మన గాలికి తెల్లారేసరికి మళ్ళీ ఎర్ర పొర వచ్చేసుద్ది, కాబట్టి ప్రైమర్ అదే రోజు పడాలి. ప్రైమర్ వేసేసి "తర్వాత పెయింటు కొడదాంలే" అని నెలలు వదిలెయ్యకండి, ప్రైమర్ లోంచి తడి దిగుద్ది. పైన కంపెనీ కలర్ టచప్, దాని మీద క్లియర్ కోటు.

బాత్రూం కడిగే యాసిడ్ తో తుప్పు తీసే వీడియోలు చూసి చెయ్యకండి. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, నిమిషంలో తుప్పు పోయినట్టే కనిపిస్తది, దాని క్లోరైడ్ సందుల్లో మిగిలి మర్నాటికే ఇంకా ఘోరంగా తెస్తది. చిన్న నట్లు, బోల్టులైతే వెనిగర్ లో రాత్రంతా నానబెట్టి, రుద్ది, వంట సోడా నీళ్ళలో ముంచి, ఆరబెట్టి ఆయిల్ రాయండి. క్రోమ్ మీద ఎర్ర చుక్కలకి మాత్రం వంటింట్లో అల్యూమినియం ఫాయిల్ ముక్క నలిపి నీళ్ళలో ముంచి రుద్దండి, భలే పోతాయి, ఫాయిల్ క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు, తర్వాత వ్యాక్స్ పూయడం మర్చిపోకండి. డబ్ల్యూడీ-40 గురించి అందరూ అడుగుతారు, అది అసలు పుట్టిందే 1953లో అమెరికాలో రాకెట్ల పని కోసం, నీళ్ళని నెట్టేసే మందు కోసం, 40వ ప్రయత్నంలో కుదిరిందని ఆ పేరు. తడిసిన చోట నీళ్ళు తరమడానికి, పట్టేసిన బోల్టు వదలడానికి బ్రహ్మాండం, కానీ నెలల తరబడి కాపాడే పూత కాదు, అది ఎగిరిపోయాక పైన గ్రీజో వ్యాక్సో ఉండాల్సిందే.

తుఫాను వచ్చిపోయాక

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటది, అంత గాలికి ఉప్పు తుంపర ఊరి లోపలికి కూడా కొట్టుకొస్తది, కాబట్టి సముద్రానికి దూరంగా ఉన్నా సరే తుఫాను తగ్గి మంచినీళ్ళు దొరగ్గానే బండి అడుగూ పైనా కడగండి, రేడియేటర్ జాలీలోకి కూడా మెల్లగా నీళ్ళు పట్టండి. బండి ఉప్పునీళ్ళలో మునిగి ఉంటే స్టార్ట్ చెయ్యకండి, సెల్ఫ్ కూడా కొట్టకండి, వీలైతే బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, నీళ్ళు ఎంత ఎత్తు దాకా వచ్చాయో గీత కనపడేలా ఫోటోలు తీసి, లాగించి సర్వీస్ సెంటర్ కి పంపండి. ఎలక్ట్రిక్ కారో స్కూటరో అయితే దాన్ని ఇంటి గోడకి ఆనించి పెట్టకండి, ఛార్జింగ్ అస్సలు పెట్టకండి. 2022లో ఫ్లోరిడాలో ఇయాన్ తుఫాను తర్వాత ఉప్పునీళ్ళలో మునిగిన ఎలక్ట్రిక్ బండ్లలో కొన్ని నీళ్ళు తీసేశాక మంటలంటుకున్నాయి, అందుకే అలాంటి బండిని ఇంటికి, మిగతా బండ్లకి 50 అడుగుల దూరంలో పెట్టమంటారు. ఇన్సూరెన్స్ వాళ్ళు వరద నష్టం కాంప్రహెన్సివ్ పాలసీలో ఇస్తారు కానీ మెల్లగా పట్టిన తుప్పుని అరుగుదల కింద లెక్కేసి ఇవ్వరు, అందుకని క్లెయిమ్ ఆలస్యం చెయ్యకుండా తడి ఆరకముందే ఫోన్ చెయ్యండి.